జీతం ఇచ్చారు, సెలవు ఆపారు
రైల్వే సమ్మెలు, సర్కారు జోక్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రైల్వేలో సమ్మె మాట వినపడగానే ప్రభుత్వం ఎందుకు దిగుతుంది, దిగితే కార్మికుడికి ఒరిగేదేమిటి, పోయేదేమిటి అంటూ తిరుపతి, రేణిగుంట, పాకాల వైపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులు. పేరు వేయొద్దని దాదాపు అందరూ కోరారు కాబట్టి ఊరు మాత్రమే వేశాం.

ప్రశ్న: 2022లో అమెరికాలో రైల్వే సమ్మెను ఏకంగా పార్లమెంటులో చట్టం చేసి ఆపేశారని మా క్లాసులో చెప్పారు. ప్రైవేటు కంపెనీల గొడవలో ప్రభుత్వానికేం పని? కార్మికులు గెలిచినట్టా, ఓడినట్టా?
లా విద్యార్థి, తిరుపతి

జవాబు: అక్కడ సరుకు రవాణా రైళ్లు నడిపేవి ప్రైవేటు కంపెనీలే. అయినా 1926 నాటి రైల్వే లేబర్ యాక్టు ప్రకారం సమ్మెకు ముందు చాలా గేట్లు దాటాలి. పాత ఒప్పందం గడువు తీరినా రద్దు కాదు, కొత్తది కుదిరేదాకా అదే నడుస్తుంది. బేరం తెగకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు మధ్యవర్తిగా వస్తుంది. ఈ మధ్యవర్తిత్వానికి గడువంటూ లేదు. బోర్డు వదిలిపెట్టేదాకా యూనియన్ కూర్చోవలసిందే. బోర్డు చేతులెత్తేసి ఆర్బిట్రేషన్‌కు, అంటే మూడో మనిషి తీర్పుకు, వెళ్లమంటుంది. ఎవరైనా ఒకరు వద్దంటే 30 రోజుల విరామం మొదలవుతుంది. ఆలోగా అధ్యక్షుడు ఎమర్జెన్సీ బోర్డు వేస్తే నివేదికకు 30 రోజులు, ఆ తర్వాత ఇంకో 30 రోజులు. అంతా అయ్యాకే సమ్మె చట్టబద్ధం. సరిగ్గా ఆ గేటు దగ్గరే కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, అడ్డం నిలబడుతుంది.

2022లో జరిగింది ఇదే. 12 యూనియన్లు, సుమారు 1,15,000 మంది కార్మికులు. జులైలో బైడెన్ బోర్డు వేశారు, ఆగస్టు 16న నివేదిక వచ్చింది. 2020 నుంచి 2024 దాకా అయిదేళ్లకు కలిపి 24 శాతం జీతం పెంపు, సెలవుల దగ్గరకొచ్చేసరికి అదనంగా ఒకే ఒక్క రోజు. గడువు ముంగిట్లో సెప్టెంబరు 15న తాత్కాలిక ఒప్పందం కుదిరింది. ఓటింగులో 8 యూనియన్లు ఒప్పుకున్నాయి, 4 కాదన్నాయి. కాదన్నవాళ్ల పేచీ జీతం మీద కాదు. ఒళ్లు బాగాలేక ఇంట్లో ఉంటే జీతంతో కూడిన రోజు ఒక్కటీ లేదు, హాజరు పాయింట్లు తెగిపోతాయి, పాయింట్లు అయిపోతే శిక్ష. అదీ వాళ్ల బాధ.

నవంబరు 30న ప్రతినిధుల సభ ఒప్పందాన్ని 290–137 ఓట్లతో రుద్దింది. 7 రోజుల సిక్ లీవు కోసం వేరే తీర్మానం పెట్టారు. అదీ 221–207తో గట్టెక్కింది. మర్నాడు సెనేట్‌లో ఒప్పందానికి 80–15. సిక్ లీవుకు 52–43 వచ్చింది. ఎక్కువమంది ఔనన్నా సరే, కావలసింది 60 ఓట్లు కాబట్టి అది పడిపోయింది. డిసెంబరు 2న బైడెన్ సంతకంతో సమ్మె మాట ముగిసింది. 2023లో యూనియన్‌కు యూనియన్, కంపెనీకి కంపెనీ విడివిడిగా మాట్లాడుకుని చాలామంది సిక్ లీవు సంపాదించుకున్నారు. తరచుగా కుదిరిన బేరం: 4 కొత్త రోజులు, ఉన్న పర్సనల్ లీవులోంచి మార్చుకునేవి 3.

గెలుపా ఓటమా అంటే, జీతం వచ్చింది, కాలం రాలేదు. జీతం పెంచడానికి కాగితం మీద అంకె మారిస్తే చాలు. సెలవు ఇవ్వాలంటే ఆ రోజు బండెక్కడానికి ఇంకో మనిషి ఉండాలి, అంటే ఉద్యోగాలు వేయాలి. అందుకే ఏ దేశంలోనైనా ప్రభుత్వాలు డబ్బు గొడవను ముందు తెంపి, గంటల గొడవను పక్కన పెడతాయి. దీనికి విరుద్ధంగా జరిగినదీ ఉంది. 1916లో సమ్మె ముంచుకొస్తుంటే అదే కాంగ్రెస్ ఆడమ్సన్ చట్టం చేసి రైలు కార్మికులకు 8 గంటల పనిదినం ఇచ్చింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. పరీక్షలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రాయండి.

ప్రశ్న: మా నాన్న 1974 సమ్మెలో ఉన్నారు. ఆయన కాగితాల్లో ‘బ్రేక్ ఇన్ సర్వీస్’ అన్న మాట చూశాను. దానర్థం ఏమిటి? ఆ 20 రోజుల సమ్మెకు ఫలితం ఏమైనా దక్కిందా?
పాకాల

జవాబు: సమ్మె 1974 మే 8న మొదలై 27న ముగిసింది. సుమారు 17 లక్షల మంది పాల్గొన్నారని చెబుతారు. మొదలుకాకముందే, మే 2న, రైల్వే కార్మికుల సమాఖ్య ఏఐఆర్ఎఫ్ అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. భారత రక్షణ నిబంధనలు, మీసా (విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) ప్రయోగించి వేలమందిని జైళ్లలో వేశారు. క్వార్టర్స్ నుంచి కుటుంబాలను సామానుతో సహా బయటకు పంపారు. అడిగినవాటిలో ముఖ్యమైనవి బోనసు, ప్రభుత్వ రంగ సంస్థలతో సమానంగా జీతం, లోకో సిబ్బందికి 8 గంటల డ్యూటీ. 8 గంటల మాట ఊరికే రాలేదు. 1973 ఆగస్టులో లోకో వాళ్ల సమ్మె తర్వాత ప్రభుత్వం 10 గంటలకు ఒప్పుకుంది, ఆ ఒప్పుకున్నదే సరిగా అమలు కాలేదు.

ఫలితం వెంటనే సున్నా. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక, మధు దండావతే రైల్వే మంత్రిగా ఉండగా, తీసేసినవాళ్లను తిరిగి చేర్చుకున్నారు. బోనసు 1979–80 నుంచి ‘ఉత్పాదకతతో ముడిపడిన బోనసు’ అన్న పేరుతో మొదలైంది. పండక్కి ముందు పేపర్లో కనిపించే ‘78 రోజుల బోనసు’ దాని కొనసాగింపే. 78 రోజులంటే రెండున్నర నెలల జీతమని బయటివాళ్లు అనుకుంటారు. లెక్క అలా కాదు. నెల జీతం ఎంతైనా 7,000 రూపాయలుగానే తీసుకుంటారు: 7,000ను 12తో హెచ్చించి, 365తో భాగించి, 78తో హెచ్చిస్తే 17,951 రూపాయలు. లక్ష జీతగాడికీ అంతే.

ఇక కాగితం సంగతి. సమ్మె తర్వాత మూడు రకాల రాతలుంటాయి, మూడూ ఒకటి కావు. ‘నో వర్క్ నో పే’ అంటే ఆ రోజుల జీతం పోతుంది, అంతే. ‘డైస్ నాన్’ అంటే ఆ రోజులు సర్వీసు లెక్కలోకి రావు కానీ అంతకుముందు చేసిన సర్వీసుకు ఢోకా లేదు. ‘బ్రేక్ ఇన్ సర్వీస్’ అంటే అంతకుముందు సర్వీసే తెగిపోయినట్టు. దాన్ని మాఫీ చేస్తేనే పెన్షనుకు పాత ఏళ్లు కలుస్తాయి. కాబట్టి మీ నాన్నగారి సర్వీసు రిజిస్టరులో ఆ రాత కింద తర్వాతి తేదీతో మాఫీ ఉత్తర్వు నమోదై ఉందా, పెన్షన్ లెక్కలో అర్హ సర్వీసు ఏ ఏడు నుంచి మొదలైంది, ఈ రెండే చూడండి. ఏడు సరిగ్గా ఉంటే ఆ మాట చరిత్ర మాత్రమే. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక మాట: బ్రేక్ వేయాలంటే ముందు నోటీసిచ్చి మీ వివరణ తీసుకోవాలి. ఆ నోటీసుకు జవాబు ఇవ్వకుండా ఊరుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

ప్రశ్న: మా ఆయన రేణిగుంటలో గూడ్సు లోకో పైలట్. ఇంటికొచ్చి కన్ను మూతపడేలోగా మళ్లీ కాల్ వస్తుంది. బ్రహ్మోత్సవాల స్పెషళ్లప్పుడయితే ఇక చెప్పక్కర్లేదు. నెలకు ఎన్ని రెస్టులు రావాలి సార్? రెస్టు అయ్యేదాకా రానంటే దాన్నీ సమ్మె అంటారా? క్వార్టర్స్ ఖాళీ చేయిస్తారేమోనని నా భయం.
రేణిగుంట

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. ముందు లెక్క చూద్దాం.

1989 రైల్వే చట్టం 133వ సెక్షను ప్రకారం రన్నింగ్ సిబ్బందికి, అంటే బండి నడిపేవాళ్లకు, నెలకు కనీసం 30 గంటల చొప్పున 4 విశ్రాంతులు, లేదా 22 గంటల చొప్పున 5 విశ్రాంతులు ఇవ్వాలి. గంటలు ఏకబిగిన ఉండాలి, ముక్కలు కలిపితే కుదరదు. లాబీలో సైన్ ఆఫ్ చేసిన (డ్యూటీ దిగిన) నిమిషం నుంచి మళ్లీ సైన్ ఆన్ చేసే (డ్యూటీ ఎక్కే) నిమిషం దాకా లెక్క. ఉదాహరణకు ఆదివారం ఉదయం 6.40కి సైన్ ఆఫ్ అయితే 30 గంటలు సోమవారం మధ్యాహ్నం 12.40కి పూర్తవుతాయి. యూనియన్ల వాదన వేరు: ట్రిప్పు తర్వాత ఇంటి దగ్గర ఇచ్చే 16 గంటలు దేనికది, వారం రెస్టు 30 గంటలు దానికి అదనం, మొత్తం 46. అలా లెక్కేస్తే మంగళవారం తెల్లవారుజామున 4.40 దాకా పిలవకూడదు. 16 గంటలు 30లోనే కలిసిపోతాయని రైల్వే వాదన. 2024 జూన్‌లో దక్షిణ రైల్వేలో లోకో పైలట్లు కొందరు 46 గంటలు అయితేనే వస్తామని కూర్చున్నది ఈ తేడా మీదే. మీ ఆయనకు 30 గంటలే దొరకడం లేదంటే వాదనలతో పనిలేదు, చట్టమే ఆయన వైపు ఉంది.

దీనికి సాక్ష్యం నోట్‌బుక్. ఒక పేజీకి ఒక నెల, నాలుగు గడులు: సైన్ ఆన్, సైన్ ఆఫ్, కాల్ వచ్చిన సమయం, మధ్యలో దొరికిన గంటలు. కంప్యూటర్లో ఉంటుంది కదా అనుకుంటారు. కానీ కాల్ ఎన్ని గంటలకు వచ్చింది, ఫోన్లో ఏమన్నారు అన్నది ఇంట్లోవాళ్లు రాస్తేనే ఉంటుంది. ఆ గడి మీరు నింపండి. మూడు నెలల పేజీలు ఉంటే యూనియన్ బ్రాంచి వాళ్లు యాజమాన్యంతో యూనియన్ మాట్లాడే డివిజను స్థాయి పీఎన్ఎం సమావేశానికి అంశంగా పంపగలరు. ‘రెస్టు ఇవ్వడం లేదు’ అని గాలిమాటగా పంపిన అంశానికి ‘పరిశీలిస్తాం’ అన్న జవాబే వస్తుంది. తేదీలు, గంటలతో పంపితే అవతలివాళ్లు తమ రికార్డు తెచ్చి చూపక తప్పదు.

రెండోది, రానంటే సమ్మెనా? ఒక మనిషి, తనకు చట్టప్రకారం రావలసిన రెస్టు పూర్తి కాలేదని, సైన్ ఆన్‌కు ముందే రాతపూర్వకంగా చెబితే అది హక్కు అడగడం. వందమంది ఒకే మాట అనుకుని ఒకే రోజు చెబితే ప్రభుత్వం దాన్ని సమ్మెగా చూస్తుంది. ఎస్మా (అత్యవసర సర్వీసుల్లో సమ్మెను నిషేధించే చట్టం) తరహా చట్టాల్లో సమ్మె నిర్వచనం చాలా వెడల్పు, సర్వీసు నడవడానికి అవసరమైన ఓవర్‌టైమ్ చేయనన్నా సమ్మె కిందికే వస్తుంది. కాబట్టి ‘ఎస్మా పెట్టారంట’ అని ఎవరన్నా అంటే గెజిట్ ప్రకటన చూపించమనండి. అది ఏ సర్వీసుకు, ఎన్నాళ్లకు అని అందులోనే రాసి ఉంటుంది. ప్రకటన లేకుండా ఎస్మా లేదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. గంటలు మించాయన్న కోపంతో దారిలో బండి ఆపి దిగిపోవడం. రైల్వే చట్టం 173వ సెక్షను కింద బండిని సరిగా అప్పగించకుండా వదిలేస్తే రెండేళ్ల దాకా జైలు. గంటలు మించేట్టు కనిపిస్తే రెండు మూడు గంటల ముందే కంట్రోలుకు చెప్పి రిలీఫ్ అడగాలి, అడిగిన సమయం, స్టేషను పేరు రాసుకోవాలి. పట్టాల మీద కూర్చుంటే 174వ సెక్షను. డ్యూటీలో లేకున్నా వర్తిస్తుంది, కుటుంబ సభ్యులకూ వర్తిస్తుంది. ధర్నా గేటు బయట చేయండి.

మూడోది క్వార్టర్స్. సమ్మె చేసినంత మాత్రాన ఇంటి కేటాయింపు రద్దు కాదు, సస్పెన్షన్‌లో ఉన్నా ఇల్లు ఉంటుంది. ఉద్యోగం తీసేస్తేనే చిక్కు. సమ్మెల్లో వాడే ఆయుధం క్రమశిక్షణ నిబంధనల్లోని 14(ii), అంటే విచారణ జరపడం సాధ్యం కాదని రాసేసి నేరుగా తీసేయడం. 1981 లోకో సమ్మెలో దీన్ని విరివిగా వాడారు. అందిన ఉత్తర్వు మీద 45 రోజుల్లో అప్పీలు వేయాలి, ఆ తర్వాత క్యాట్, అంటే కేంద్ర ఉద్యోగుల కేసులు వినే ట్రిబ్యునల్. విచారణ ఎందుకు సాధ్యం కాలేదో కారణం రాశారా లేదా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. 1981లో తీసేసినవాళ్ల కేసు 1993లో సుప్రీంకోర్టులో తేలింది: మూడు నెలల్లో ఉద్యోగంలోకి తీసుకోవాలి, మూడేళ్ల జీతం నష్టపరిహారం ఇవ్వాలి, మధ్య కాలాన్ని పెన్షనుకు లెక్కించాలి, ప్రమోషన్లు మాత్రం లేవు. న్యాయం దక్కింది, పన్నెండేళ్లకు. ఇల్లు ఖాళీ చేయమంటే ఎస్టేట్ ఆఫీసరు ముందుగా కారణం అడిగే నోటీసు ఇవ్వాలి. ఖాళీ ఉత్తర్వు వస్తే జిల్లా జడ్జి దగ్గర అప్పీలుకు 12 రోజులే గడువు. ఆ 12 రోజులూ లాయరును వెతకడంలోనే కరిగిపోతాయి, అది జాగ్రత్త.

ప్రశ్న: నేను క్యారేజ్ రిపేర్ షాపులో ఫిట్టర్‌ని. కొత్త లేబర్ కోడ్‌లతో సమ్మె హక్కే పోయిందని కొందరు, ఏం కాలేదని కొందరు. నోటీసు ఇస్తే ఏ రోజు నుంచి ఏమవుతుంది? లీవు పెట్టి కూర్చుంటే సరిపోదా?
సెట్టిపల్లె, తిరుపతి

జవాబు: ముందు ఒక చిన్న తేడా. మీరు వర్క్‌షాపు మనిషి కాబట్టి మీ పని గంటలు ఫ్యాక్టరీ కార్మికుల లెక్కలో వారానికి 48. పై జవాబులోని 30, 22 గంటల రెస్టులు మీకు వర్తించవు. లైన్ మీద ‘కంటిన్యుయస్’ కోవలో ఉన్నవాళ్లకు రెండు వారాల సగటున వారానికి 54. ఒకే డిమాండ్ల పత్రంలో ఈ రెండూ కలిపి రాస్తే మొదటి సమావేశంలోనే అడ్డుపుల్ల పడుతుంది.

సమ్మె హక్కు పోలేదు, దారి సన్నబడింది. 2025 నవంబరు 21 నుంచి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అమల్లోకి వచ్చింది. 1947 చట్టంలో రైల్వేలాంటి ప్రజోపయోగ సర్వీసులకు ఉన్న నోటీసు నిబంధన ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ వచ్చింది. అంటే రైల్వేవాళ్లకు ఇది కొత్త కాదు, మిగతావాళ్లకే కొత్త.

క్యాలెండరు ఇలా ఉంటుంది. నోటీసు ఇచ్చిన రోజు నుంచి 14 రోజుల దాకా సమ్మె చేయకూడదు, 60 రోజులు దాటితే ఆ నోటీసు పాతబడుతుంది. కేంద్ర కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారి మొదటి సమావేశం పెట్టిన రోజున రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క. (పాత చట్టంలో నోటీసు ఆయనకు అందిన రోజే మొదలయ్యేది.) ప్రక్రియ నడుస్తున్నన్నాళ్లూ, ముగిశాక ఇంకో 7 రోజులూ సమ్మె నిషిద్ధం. సమ్మె నోటీసు ఉన్న కేసులో అధికారి 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అసలు ముడి ఇక్కడ పడుతుంది. రాజీ కుదరలేదని నివేదిక రాగానే ఏ పక్షమైనా నేరుగా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ 7 రోజుల్లో యాజమాన్యం దరఖాస్తు పడేస్తే ట్రిబ్యునల్ కేసు తేలేదాకా, తేలాక 60 రోజుల దాకా సమ్మె చట్టవిరుద్ధం. మా అభిప్రాయంలో ఇది నిషేధమని పేరు పెట్టని నిషేధం.

లీవు పెట్టి కూర్చోవడం పాత ఎత్తు, ఇప్పుడు చెల్లదు. ఒకే రోజు సగం మంది, అంతకు మించి, కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మే అని కోడ్‌లో రాసేశారు. చట్టవిరుద్ధ సమ్మెకు 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ. ఉసిగొల్పినవాళ్లకు 10,000 నుంచి 50,000. దీనికన్నా జేబుకు తగిలేది ఇంకోటుంది: పదిమంది, అంతకన్నా ఎక్కువమంది కూడబలుక్కుని నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పని మానితే, మానింది ఒక్క రోజే అయినా, మొత్తం 8 రోజుల జీతం దాకా కోయొచ్చు.

కాబట్టి నోటీసు పక్కాగా ఉండాలి. యూనియన్ కార్యదర్శితోపాటు ఎన్నికైన ప్రతినిధుల సంతకాలు, డిమాండ్లు ఒక్కొక్కటీ విడిగా, సమ్మె మొదలయ్యే తేదీ స్పష్టంగా. యాజమాన్యానికి ఇచ్చిన ప్రతి మీద అందినట్టు ముద్ర, తేదీ. కన్సిలియేషన్ అధికారికి పంపిన రిజిస్టర్డ్ పోస్టు రసీదు. సమావేశం మినిట్స్ మీద ‘చర్చించారు’ అని మాత్రమే ఉంటే సంతకం పెట్టకండి. ఎవరు ఏమన్నారు, ఎప్పటిలోగా చేస్తామన్నారు అన్నది రాయించాకే పెట్టండి. ఇంకొక దారి కూడా మరవొద్దు. 1966 నుంచి ఉన్న జేసీఎంలో (ప్రభుత్వం, ఉద్యోగుల ఉమ్మడి చర్చల వేదిక) జీతభత్యాలు, వారం పని గంటలు, ఒక తరగతి ఉద్యోగుల సెలవులు అనే మూడు విషయాలకు తప్పనిసరి ఆర్బిట్రేషన్ ఉంది. మీ డిమాండు ఈ మూడింటిలో ఒకటైతే, చర్చల్లో తేలలేదని రాతపూర్వకంగా నమోదు చేయించి ఆర్బిట్రేషన్ అడగమని పై యూనియన్‌ను పట్టుబట్టండి. 1947లో రాజాధ్యక్ష అవార్డు (పని గంటల మీద తీర్పు), తర్వాత మియాభాయ్ ట్రిబ్యునల్ వచ్చింది తీర్పు దారిలోనే. రైల్వేలో పని గంటల నిబంధనలు ఎక్కువగా వాటి మీదే నిలబడి ఉన్నాయి.

ప్రశ్న: స్టేషన్లో క్లీనింగ్ కాంట్రాక్టులో చేస్తా ఉండాను. పర్మినెంటోళ్లు సమ్మె చేస్తే మీరు డబుల్ చేయాల, లేదంటే రేపట్నుంచి రావద్దండని సూపర్‌వైజరు అంటా ఉండాడు. రెండు నెలల కూలి కూడా బాకీ. మేం యాడికి పోవాల?
తిరుపతి

జవాబు: బాకీ సంగతి ముందు. కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే అసలు యజమాని, అంటే రైల్వే, చెల్లించి కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టుకోవాలి. ఇది కాంట్రాక్టు కార్మిక చట్టం నాటి నుంచీ ఉన్న బాధ్యత. మీరు పోవలసింది రాష్ట్ర లేబర్ ఆఫీసుకు కాదు. రైల్వే పని కేంద్రం కిందికి వస్తుంది, కాబట్టి కేంద్ర లేబర్ కమిషనర్ విభాగంలోని అధికారికి రాయాలి. తప్పు ఆఫీసులో అర్జీ ఇచ్చి నెలలు పోగొట్టుకునేది ఇక్కడే. అర్జీలో కాంట్రాక్టరు పేరు, పని చేసిన చోటు, ఏ నెల ఎన్ని రోజులు, రోజుకు ఎంత, ఇచ్చింది ఎంత అని రాసి, ఒక నకలు స్టేషన్లో కాంట్రాక్టు పని చూసే రైల్వే అధికారికి ఇచ్చి ముద్ర వేయించుకోండి. హాజరు పుస్తకం ఫోటో, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు నకలు జత చేయండి.

డబుల్ డ్యూటీ చేస్తే ఎక్కువ గంటలకు రెట్టింపు కూలి రావాలి. ‘రేపట్నుంచి రావద్దు’ అన్న మాట నోటితో అంటే చెల్లదు. రాసివ్వమని అడగండి, ఇవ్వకపోతే ఆ తేదీ, ఆ మాట, పక్కన ఉన్న ఇద్దరి పేర్లు ఆ రోజే రాసి పెట్టుకుని, మర్నాడు కూడా వేళకు వెళ్లి గేటు దగ్గర హాజరు అడగండి. వెళ్లకుండా ఇంట్లో ఉంటే తానే మానేశాడని రాసేస్తారు.